ఏడో నంబరు గ్లాసు

నాన్న పోయి మూడు నెలలైన రోజున, ఆయన ఫోటో ముందు పెట్టిన అన్నం ముద్ద డాబా మీద పెట్టి, ఈ కొండాపూర్‌లో అసలు కాకులున్నాయా అని చాలాసేపు ఎదురుచూసి, చివరికి ఒక్కటి వచ్చి ముట్టాక కిందికి దిగాను. మా ఫ్లాటు తలుపు దగ్గర నర్సింలు నిలబడి ఉన్నాడు. నర్సింలు క్యాబు డ్రైవరు. పరిగి దగ్గరి పల్లె నుంచి వచ్చినవాడు. పొద్దున, సాయంత్రం హైటెక్ సిటీ ఆఫీసుల పిల్లలను తిప్పుతాడు, మధ్యాహ్నం ఖాళీ. ఆ ఖాళీలో రెండేళ్ల పాటు వారానికి రెండుసార్లు నాన్నను డయాలసిస్‌కి తీసుకెళ్లి తీసుకొచ్చాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. చెప్పులు విడిచి గడప దగ్గరే నిలబడి, పాత న్యూస్‌పేపరులో చుట్టిన వస్తువొకటి రెండు చేతులతో అందించాడు. "సీటు కింద వడ్డది మేడమ్. నిన్న బండి కడుగుతుంటే కన్పించింది. పెద్దాయనది," అన్నాడు.

విప్పి చూస్తే స్టీలు గ్లాసు. అంచు ఒకచోట నొక్కుకుపోయింది. కింది భాగంలో చిన్న ఉలితో చుక్కలు చుక్కలుగా చెక్కిన ఏడు అంకె, తెలుగు అంకె. ఆ వరస గ్లాసులు పన్నెండూ నా పదో ఏటనే మా ఇంట్లోంచి వెళ్లిపోయాయి. నాన్న వాటిని గోనెసంచిలో మూటగట్టి పాతసామాన్లవాడికి ఇచ్చేయడం నేను గుమ్మంలో నిలబడి చూశాను. పన్నెండూ పోయాయనే ఇన్నేళ్లూ అనుకున్నాను. ఇది ఎలా మిగిలిందో, భీమిలి నుంచి ఈ ఊరిదాకా ఆయన ట్రంకు పెట్టెలో ఏ మూల దాక్కుని వచ్చిందో నాకు తెలియదు. నర్సింలును చేయి పట్టుకుని లోపలికి తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టాను. టీ పెడతానని వంటింట్లోకి వెళ్లి, స్టవ్ వెలిగించకుండా ఆ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

మాది భీమిలి. ఇప్పుడు విశాఖపట్నం దాన్ని తనలో కలిపేసుకుంది గానీ, మా చిన్నతనంలో అది వేరే ఊరు. దాని సముద్రం వేరు, దాని గాలి వేరు. ఒంట్లో బాగాలేనివాళ్లు, మనసు బాగాలేనివాళ్లు గాలి మార్పు కోసం వచ్చి, బీచి రోడ్డు మీది లాడ్జిలో పది రోజులు, పదిహేను రోజులు ఉండేవారు. కలకత్తా నుంచి, రాయపూర్ నుంచి, హైదరాబాదు నుంచి వచ్చేవారు. మొదటి రోజు సముద్రం చూసి నోరు తెరుస్తారు. రెండో రోజు చెప్పులు చేత్తో పట్టుకుని నీళ్లలో నడుస్తారు. మూడో రోజుకి అదే ఇసుక, అదే హోరు. "ఇక్కడ ఇంకా ఏం చూడొచ్చు?" అని అడుగుతారు. ఆ ప్రశ్నే మా ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టింది. నాన్నకు పన్నెండు మంది పట్టే పాత వ్యాను ఉండేది. లాడ్జి మేనేజరు మనుషులను కుదిర్చేవాడు. నాన్న వాళ్లను పొద్దున ఎక్కించుకుని సింహాచలమో, రామతీర్థమో, తాటిపూడి డ్యామో, అనంతగిరి కొండలో చూపించి, దీపాలు పెట్టే వేళకు మళ్లీ లాడ్జి ముందు దించేవాడు.

వ్యాను ఉన్న రోజు మా ఇల్లు కోడికూతకు ముందే లేచేది. అమ్మ గుండిగలో అన్నం వార్చి, చాప మీద ఆరబోసి, చింతపండు పులుసు కలిపేది. ఇంగువ తాలింపు వాసన లేచేసరికి పక్కింటి దూడ కూడా అరిచేది. పులిహోర, దద్దోజనం, మాగాయ ముక్క, కూజా నిండా మజ్జిగ. ఎవరొచ్చినా ఇదే, కలకత్తావాళ్లయినా ఇదే. చేప వండమని ఎందరడిగినా అమ్మ ఒప్పుకునేది కాదు, ఎండలో తిరిగే కడుపుకు మజ్జిగే మేలని ఆమె పంతం. నానమ్మ అరుగు మీద కాళ్లు చాపుకుని అడ్డాకుల విస్తర్లు తుడిచి దొంతి పెట్టేది. తెల్లారే వేళకు సముద్రం వైపు నుంచి ఎండుచేపల వాసన, సరుగుడు తోపు గాలి కలిసి వచ్చేవి. ఆ రెంటి మీదుగా నాన్న వ్యాను ఇంజను పొగ. ఈ వయసులో కూడా ఇంగువ కాగినప్పుడల్లా ఎవరో ఎక్కడికో బయల్దేరుతున్నట్టు నాకు హడావిడి పుడుతుంది.

నానమ్మకు ఒక పట్టింపు ఉండేది. మనుషులను వేలుపెట్టి లెక్కించకూడదు. పెళ్లి బంతిలో గానీ, ఇంట్లో పిల్లలను గానీ ఒకటి, రెండు, మూడు అని ఎవరైనా వేలు చూపిస్తే చేతి మీద ఒక్కటేసేది. "మనుషుల్ని లెక్కెడతార్రా? గొర్రెలేటి? అలా లెక్కెడితే ఒకలు తగ్గిపోతారు," అనేది. వ్యాను కొత్తగా కొన్న రోజుల్లో నాన్న లాడ్జి ముందు నిలబడి తలలు లెక్కపెడుతుంటే చూసి, ఆ పూట అన్నం మానేసిందట. తల్లి మాట కాదనలేక, మనుషులను లెక్కపెట్టక తప్పక, నాన్న ఒక ఉపాయం ఆలోచించాడు. అప్పుడప్పుడే మా ఊళ్లోకి వస్తున్న స్టీలు గ్లాసులు పన్నెండు కొని, గిన్నెల మీద పేర్లు చెక్కేవాడి చేత ఒకటి నుంచి పన్నెండు దాకా అంకెలు చెక్కించాడు. పొద్దున వ్యాను ఎక్కేటప్పుడు మనిషికో గ్లాసు. మంచినీళ్లకైనా మజ్జిగకైనా రోజంతా ఎవరి గ్లాసు వారిదే. తిరుగు ప్రయాణానికి వ్యాను ఎక్కేటప్పుడు గ్లాసును తలుపు దగ్గరి వెదురు బుట్టలో వేయాలి. బుట్టలో పన్నెండూ పడ్డాయంటే పన్నెండు మందీ ఎక్కినట్టు. గ్లాసులనైతే ఎంత లెక్కపెట్టినా తప్పులేదు. ఆ ఏర్పాటు నానమ్మకు ఎంత నచ్చిందంటే, వీధిలో వెళ్లేవాళ్లను పిలిచి మరీ చెప్పుకునేది.

ఆ రోజు అనంతగిరి ప్రయాణం. బడికి సెలవు. డ్రైవరు పక్కన ఇంజను మీద చిన్న దిండు వేసి నాన్న నన్నూ కూర్చోబెట్టుకున్నాడు. వ్యానులో పదకొండు మంది ఒకే కలకత్తా కుటుంబం, వాళ్ల మాటలు వాళ్లవి. పన్నెండో మనిషి ఒక పెద్దాయన, చివరి సీట్లో ఒంటరిగా కూర్చున్నాడు. హైదరాబాదు దగ్గర శేరిలింగంపల్లి అనే పల్లెలో బడిపంతులుగా చేసి రిటైరయ్యాడట. మేము ఆయన్ని లింగంపల్లి మాస్టారు అన్నాం. సముద్రం చూడాలని ఆయన భార్యకు చాలా కోరికట. ఆమె పోయాక, ఆమె చూడలేదు గనక తానైనా చూసిరావాలని వచ్చాడు. ఆయన చేతికి వచ్చింది ఏడో నంబరు గ్లాసు.

ఘాట్ రోడ్డు పక్కన ఒక గెడ్డ దగ్గర నాన్న ఎప్పుడూ భోజనాలకు ఆపేవాడు. బండరాళ్ల మధ్య పారే సన్నటి నీళ్లు. ఆ గెడ్డ కిందికి దిగి గోస్తని నదిలో కలుస్తుందనీ, గోస్తని మా భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుందనీ నాన్న అందరికీ చెప్పేవాడు. కలకత్తావాళ్లకు అర్థం కాలేదు గానీ మాస్టారు చాలా శ్రద్ధగా విన్నారు. విస్తరిలో సగం పులిహోర వదిలేసి లేచారు. నేను దగ్గర్లో నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాను. "బిడ్డా, జర పైకి పోయి ఈ నీళ్లు యాడికెళ్లి వస్తున్నయో చూసొస్త. నా గ్లాసు గిట్లనే ఉండనియ్," అని తన గ్లాసు బండ మీద పెట్టి, పంచె ఎగ్గట్టి చెట్లలోకి నడిచారు. నేను తల ఊపాను.

తల ఊపిన మాట నిజం. తర్వాత ఏం జరిగిందో ఎన్నిసార్లు గుర్తు చేసుకున్నా ఒకేలా గుర్తొస్తుంది. నాన్నకు సాయం చేసి మెప్పు పొందాలనిపించింది. రాళ్ల మీద వదిలేసిన గ్లాసులు ఒక్కొక్కటి ఏరి, ఇసుకతో తోమి, గెడ్డలో కడిగాను. బండ మీద ఉన్న ఏడో నంబరునూ కడిగాను. పన్నెండూ బుట్టలో బోర్లించి, పరుగెత్తుకెళ్లి తలుపు దగ్గర పెట్టాను. కలకత్తావాళ్లు ఎక్కుతున్నారు. నాన్న వచ్చి బుట్టలోకి చూసి పెదవులు కదుపుతూ లెక్కపెట్టుకున్నాడు. "మా అమ్మే, గ్లాసులన్నీ అద్దంలా తోమీసావే," అని నా జుట్టు చెరిపాడు. ఆ మాటకు నేను పొంగిపోయాను. మాస్టారి సంగతి నా బుర్రలోంచి పూర్తిగా ఎగిరిపోయింది. వ్యాను బయల్దేరింది.

శృంగవరపుకోటలో టీ కోసం ఆగినప్పుడు కలకత్తావాళ్ల కోడలు బిస్కెట్ పొట్లం పట్టుకుని చివరి సీటు దగ్గరికి వెళ్లి, అక్కడ ఎవరూ లేరని చేతులతో సైగ చేసింది. నాన్న ముఖం ఆ రోజు చూసినట్టు మళ్లీ ఎప్పుడూ చూడలేదు. పదకొండు మందినీ నన్నూ టీ దుకాణం బల్లల మీద కూర్చోబెట్టి, ఒక్కడే వ్యాను వెనక్కి తిప్పుకుని వెళ్లాడు. ఆ రెండు మూడు గంటలూ నేను మంచినీళ్లు కూడా ముట్టలేదు. ఏం జరిగిందో ఆ పదకొండు మందిలో ఎవరికీ తెలియదు, నాకు తెలుసు. నాన్న వచ్చాక చెప్పేద్దామనుకున్నాను. పొద్దు కుంకేటప్పుడు వ్యాను తిరిగొచ్చింది. మాస్టారు ముందు సీట్లో నాన్న తువ్వాలు కప్పుకుని వణుకుతున్నారు. వ్యాను వెంట పరుగెత్తబోయి కల్వర్టు దగ్గర పడ్డారట. మోకాలు చిట్లి పంచెకు రక్తం అంటింది. ఆయన నా వైపు చూశారు. ఏమీ అనలేదు. నాన్నతో మాత్రం, "నువ్వొస్తవని ఎరుకే బాబూ. ఫికర్ జెయ్యకు," అన్నారు. నేను చెప్పలేకపోయాను.

ఆయనకు జ్వరం తగిలి వారం రోజులు లాడ్జిలోనే పడుకున్నారు. అమ్మ పూటపూటా జావ కాచి పంపింది. లేచి తిరగగలిగాక ఒక పొద్దున ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి వెళ్లిపోయారు. మేనేజరు నాన్నను పిలిచి ఇక వ్యాను అక్కర్లేదన్నాడు. నాన్న తల ఊపి వచ్చేశాడు. "నా లెక్క తప్పింది," అని ఇంట్లో ఒక్క ముక్క అన్నాడు, అంతే. గ్లాసులు లెక్కపెట్టినా ఒకరు తగ్గిపోయారని నానమ్మ కుమిలిపోయింది. ఆ వారమే గ్లాసులు గోనెసంచిలోకి వెళ్లాయి. మాస్టారి పూర్తి పేరు మాకు తెలియదు. లాడ్జి రిజిస్టరు చూపించమని అడగడానికి నాన్నకు మొహం చెల్లలేదు. "మాస్టారు గారికి, శేరిలింగంపల్లి" అని మాత్రం రాసి రెండు కార్డులు వేశాడు. జవాబు రాలేదు. ఆయన క్షేమంగా ఇల్లు చేరారో లేదో కూడా మాకు తెలియలేదు.

కొన్నాళ్లకు విశాఖపట్నం రైలు స్టేషను దగ్గర వేరే మనుషులు కుదిరి నాన్న మళ్లీ వ్యాను తోలాడు గానీ, ఆ తర్వాత ఆయనకు ఒక అలవాటు పట్టుకుంది. తాళం తిప్పే ముందు సీటు మీద చెయ్యేసి, నడుము దాకా వెనక్కి తిరిగి, ప్రతి ముఖాన్నీ విడివిడిగా చూసేవాడు. లెక్కపెట్టడం కాదు, చూడడం. ఎక్కినవాళ్లకు ఇబ్బందిగా ఉండేది, కొందరు నవ్వేవారు. చివరికి ఆయన చూపు పక్కనున్న నా మీద ఆగేది. నేను తల దించుకునేదాన్ని. ఆ తర్వాత నేను చదువుకున్నాను, కాలేజీలో తెలుగు చెప్పాను, పిల్లను పెంచాను, నలుగురు చదివే రాతలూ రాశాను. నాన్న రాసిన ప్రతి ఉత్తరానికీ జవాబిచ్చాను. ఆ ఒక్క మాట మాత్రం చెప్పలేదు. అమ్మ పోయాక ఆయన నా దగ్గరికే వచ్చి, ఈ ఫ్లాటులో తొమ్మిదేళ్లున్నాడు. ఇవాళ చెబుదాం, పండగ వెళ్లాక చెబుదాం, ఒంట్లో కాస్త కుదుటపడ్డాక చెబుదాం అనుకుంటూ తొమ్మిదేళ్లూ గడిపేశాను.

టీ ఇచ్చి, గ్లాసు బల్ల మీద పెట్టి, "ఇది ఆయన దగ్గరే ఉండేదా నర్సింలూ?" అని అడిగాను. నర్సింలు కప్పు కింద పెట్టాడు. "మీకు ఒకటి చెప్పాలె మేడమ్. తిట్టొద్దు. డయాలసిస్ అయినంక ఆలస్యమైతుండె గద, ట్రాఫిక్ ట్రాఫిక్ అని నేను చెప్తుంటి. ట్రాఫిక్ గాదు. పెద్దాయన తిప్పమనేటోడు."

మొదట గండిపేట చెరువుకు తీసుకెళ్లమన్నాడట, నీళ్లు చూడాలని. ఈ నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయని అడిగితే, మూసీ తమ వికారాబాద్ అనంతగిరి గుట్టల్లోనే పుడుతుందని నర్సింలు చెప్పాడు. నాన్న ఆ మాట రెండుసార్లు చెప్పించుకున్నాడట. "ఇక్కడా అనంతగిరేనా," అన్నాడట. ఆ తర్వాతి వారం శేరిలింగంపల్లి పాత ఊళ్లోకి పోనిమ్మన్నాడు.

"మాస్టారిల్లు యాడుందో ఎతకాలె అన్నడు. మూడుసార్లు పోయినం. గల్లీ గల్లీ తిరిగినం. ఒక కిరాణా దుకాణంల ముసలాయన్ని అడిగితే, ఏ సారు, గిక్కడ మస్తుమంది సార్లుండిరి, పాత ఇండ్లన్నీ కూలగొట్టి హాస్టళ్లు కట్టిండ్రు అన్నడు. ఆఖరిసారి పెద్దాయనకు నడుస్తానికి శాతగాలె. బండ్లనే కూసోని ఈ గ్లాసుల నీళ్లు తాగిండు. ఇగ చాలు, ఇంటికి పోదాం అన్నడు. గప్పుడే కింద వడ్డట్టున్నది."

"మాస్టారెవరో చెప్పాడా?"

"అంతా చెప్పిండు. గ్లాసుల ముచ్చట, గెడ్డ ముచ్చట. గ్లాసులు పన్నెండు ఉన్నయంట. కని బండి తీసేటప్పుడు అద్దంల జూస్తే ఎనక సీటు ఖాళీ కన్పించిందంట. పెద్దమనిషి పండుకున్నడేమో, గ్లాసులైతే సరిపోయినయి గద అని తోలిండంట. కండ్లతోని చూసి గూడ గ్లాసుల్నే నమ్మిన నర్సింలూ, అని ఏడ్చిండు."

ఇన్నేళ్లూ తప్పంతా నాదేననీ, ఆయన ఏమీ ఎరగక బుట్టను నమ్మాడనీ అనుకున్నాను. ఆయన అద్దంలోకి చూశాడని నాకెప్పుడూ తట్టలేదు. తాళం తిప్పే ముందు వెనక్కి తిరిగి ముఖాలన్నీ ఎందుకు చూసేవాడో ఇప్పుడర్థమైంది.

"ఆ గ్లాసులు కడిగి బుట్టలో పెట్టింది నేనే నర్సింలూ," అన్నాను. ఆ మాట బయటికి అనడం నా జన్మలో అదే మొదటిసారి.

"అది గూడ చెప్పిండు," అన్నాడు నర్సింలు మెల్లగా. "చిన్నపిల్ల, తెల్వక కడిగి పెట్టింది, దానికి తెలిస్తే బుగులు వడ్తది, గందుకే ఇంట్ల ఎన్నడు ఆ ముచ్చట ఎత్తలే అన్నడు. మీకు చెప్పొద్దన్నడు. ఇగ ఆయన లేడు గద అని చెప్పిన."

నాకు తెలియదనుకుని ఆయన దాచాడు. ఆయనకు తెలియదనుకుని నేను దాచాను. ఒకే ఇంట్లో, ఒకే బల్ల దగ్గర అన్నాలు తింటూ దాచుకున్నాం. ఏడుపు ఆపుకోలేదు, ఆపుకోవాలనీ అనిపించలేదు. నర్సింలు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. కాస్త తేరుకున్నాక మిగిలింది కూడా చెప్పాను. ఆయన అనుకున్నట్టు నేను తెలియక చెయ్యలేదు. మాస్టారు నాతో చెప్పే వెళ్లారు, నేను తల ఊపాను. ఇది నాన్నకు తెలియకుండానే పోయింది. తెలియక చేసిందనే నమ్మకంతో ఆయన నన్ను కాచుకున్నాడు. తెలిసి ఉంటే ఏమనేవాడో నాకిప్పుడు ఎవరు చెబుతారు? "పదేండ్ల పిల్లవి గదమ్మా," అన్నాడు నర్సింలు. అప్పటిదాకా మేడమ్ అన్నవాడు.

మా అమ్మాయి వాళ్ల ఆఫీసులో ఏడాదికోసారి ఒకరోజు ప్రయాణం పెడతారు. బస్సెక్కే ముందు చేతికి కట్టిన పట్టీని ఒక యంత్రానికి చూపించాలి, అది బీప్ అంటుంది. ఆడపిల్లలను రాత్రి ఇంటి దగ్గర దించాక నర్సింలు వాళ్లు చెప్పిన నంబరు తన ఫోనులో కొట్టాలి. ఈ ఏర్పాట్లను నేను తప్పుపట్టను. మా బుట్ట కంటే వీటిలో పొరపాట్లు తక్కువే. నానమ్మ ఉంటే మెచ్చుకునేదేమో కూడా, మనిషిని వేలుపెట్టి చూపించే పనే లేదు. కానీ ఏ యంత్రం బీప్ అన్నా బుట్టలో పడ్డ గ్లాసుల గలగలే నా చెవుల్లో వినిపిస్తుంది. అన్నీ సరిపోయాయి అంటుంది. ఒక మనిషి కొండ మీద ఉండిపోయినా అదే అంటుంది.

నర్సింలు లేచి వెళ్లబోతుంటే నేనూ చెప్పులు వేసుకున్నాను. గ్లాసు నా సంచిలో పెట్టుకున్నాను. శేరిలింగంపల్లి పాత ఊళ్లోకి తీసుకెళ్లమన్నాను. సాయంత్రం డ్యూటీకి ఇంకా టైముంది అన్నాడు. సన్నటి గల్లీలు, తలల మీద వేలాడే తీగలు, మెట్లకు అటూ ఇటూ హాస్టలు బోర్డులు, మెస్సుల్లోంచి తాలింపు వాసన. నాన్న చివరిసారి ఆపించిన చోటే ఆపాడు. దిగి గల్లీ చివరిదాకా నడిచాను. ఏ ఇంటి ముందు ఆగాలో తెలియదు. ఒక హాస్టలు మెట్ల మీద ఫోను చూసుకుంటున్న అమ్మాయి ఎవరు కావాలని అడిగింది. ఒక మాస్టారు కావాలని చెప్పాను. తెలియదాంటీ అంది. అక్కడే నిలబడి, సంచిలోని సీసాలో నీళ్లు ఆ గ్లాసులోకి వంపుకుని తాగాను. నేను తల ఊపానని, మరిచిపోయానని, మాస్టారికీ నాన్నకూ కలిపి మనసులో చెప్పుకున్నాను. క్షమించమని అడిగాను. ఆ అమ్మాయి మళ్లీ ఫోనులో పడింది.

వచ్చి బండిలో వెనక సీట్లో కూర్చున్నాను. నర్సింలు తాళం తిప్పబోయి ఆగాడు. పక్క సీటు మీద చెయ్యేసి, నడుము దాకా వెనక్కి తిరిగి నా ముఖంలోకి చూశాడు. నేను ఆశ్చర్యపోవడం చూసి, "పెద్దాయన నేర్పిండమ్మా. అద్దంల గాదు, తిరిగి చూడాలె అన్నడు," అన్నాడు.

నేను తల దించుకోలేదు.

"ఉన్నాను నర్సింలూ, పోనీ," అన్నాను.